పళ్ళు లెక్కపెట్టి

కాశీబుగ్గ మంగరాజు
పాత దుప్పట్లో చుట్టి ఇచ్చాడు లెన్సుని.
"ఆదివారం సాయంత్రం దాకా ఉంచుకో.
నచ్చితే ఇరవై ఎనిమిది వేలు,
నచ్చకపోతే దుప్పటితో సహా తెచ్చియ్యి."

కొత్తది కొనాలంటే
రెండు మాఘమాసాల పెళ్ళిళ్ళు దానికే చాలవు.

మా నాన్న నారాయణవలస సంతలో పశువుల బేరగాడు.
ఎద్దుని ముందు దూరంగా నిలబడి చూసేవాడు,
తర్వాత నాలుగడుగులు నడిపించి,
సుడులు వెతికి,
ఆఖర్నే నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవాడు.
"అమ్మేవోడు సూపింది కాదురా, దాసింది సూడాల."

అందుకని రాత్రి స్టూడియోలో తలుపేసి
టార్చి వేసి దీని నోట్లోకి చూశాను.
రెండు దుమ్ము రేణువులు. మూలన
బూజో వెంట్రుకో తేలని ఒక పోగు.
మూడొందలు దాటాక రింగు కాస్త మొరాయిస్తుంది.
కిందికి వంచితే గొట్టం దానంతటదే జారిపోతుంది
గిలక మీంచి చేద జారినట్టు.

టెక్కలిలో నేను తీసేవి పాస్‌పోర్టు ఫోటోలు.
ఇన్నేళ్ళూ మనిషికీ నాకూ నాలుగడుగుల దూరం.
గడ్డం ఎత్తమంటే ఎత్తుతారు.
గూడబాతుకి ఎవరు చెబుతారు?

తేలినీలాపురం. ఆరున్నర.
మంచు ఇంకా చింతకొమ్మల్లోనే ఉంది.
నూట యాభై దగ్గర
చెట్టూ, కరెంటు తీగా, ఎవరిదో ఆరేసిన లుంగీ.
మూడొందల దగ్గర లుంగీ పోయింది, గూడు మిగిలింది.
ఆరొందల దగ్గర
కన్ను.
కన్నే, కానీ కన్నీళ్ళలోంచి చూసినట్టు.
కొమ్మల అంచుకి వంకాయరంగు గీత.
చెట్టు నీడలో ఫోకస్ వచ్చి పోతుంది, వచ్చి పోతుంది,
చీకట్లో చెప్పులు వెతుక్కునే ముసలాయనలా.
వెలుతురు చాలక ఐఎస్ఓ పెంచితే
ఆకాశమంతా బొంబాయి రవ్వ.

పిట్టల కాపలా దుర్యోధన
బీడీ ఆర్పి పక్కన కూచున్నాడు.
"ఆరొందలంటే ఏటి బావూ, గజాలా?"
మిల్లీమీటర్లు.
వేళ్ళమీద ఏదో లెక్కేశాడు.
"అంటే రెండడుగులు.
ఆ రెండడుగులూ నువ్వే ముందుకెళ్తే పోద్ది కదేటి!"

నవ్వాను. చాలాసేపు నవ్వాను.
చేతులు లాగేస్తున్నాయి, రెండు కిలోలు.
తర్వాత, ఎవరూ చూడకుండా అన్నట్టు,
ఐదొందలకి తగ్గించి
రంధ్రం ఎనిమిదికి మూసి
గట్టు వెంట ఇరవై అడుగులు నడిచాను.

పొద్దు అప్పుడే చింతచెట్టు నెక్కింది.
తల్లి దిగింది. గూడు ఊగింది.
బొచ్చు రాని పిల్ల
తల్లి గొంతుసంచిలోకి మెడదాకా దూరిపోయింది.
కన్ను లేదు, ముక్కు లేదు,
పదును చూసుకోడానికి ఏమీ లేదు,
సాగిన ఆ పల్చటి తోలు వెనక
అటూ ఇటూ కదులుతున్న ఒక ఆకలి తప్ప.
తోలు మీద సన్నటి నరాలన్నీ వచ్చాయి.
ఎన్ని తీశానో తెలీదు.
పళ్ళు లెక్కపెట్టడం మర్చిపోయాను.

"అదా," అన్నాడు దుర్యోధన,
"రెండోది. పెద్దదాన్ని మొన్న గాలి పడేసినాది.
దీనికే మేత సరిగా అందట్లేదు."
వాడి దగ్గర లెన్సు లేదు.

తొమ్మిదింటికి మంగరాజుకి ఫోన్ చేశాను.
ఆరొందల దగ్గర మసక అన్నాను.
జారుతుంది అన్నాను. రింగు పట్టేస్తుంది అన్నాను.
మూలన పోగు సంగతి రెండుసార్లు అన్నాను.
సంచిలో దూరిన పిల్ల గురించి అనలేదు.
నాన్న చెప్పాడు,
నచ్చిన ఎద్దుని సంతలో నిమరకురా,
మూరెడు ధర పెరుగుద్ది.

ఇరవై మూడు, అన్నాను.
అవతల చప్పుడు లేదు.
తుండుగుడ్డ కింద పట్టుకోడానికి చెయ్యి దొరికితే
ఎన్ని వేళ్ళు ముడిచాడో తెలిసేది.

"ఏటి బావూ, ఎద్దునా?" అన్నాడు దుర్యోధన.
చూసుకుంటే
నా ఎడమ చెయ్యి దాని వీపు నిమురుతోంది.